విన్నారు కానీ వినలేదు: యిర్మీయా కాలపు యెరూషలేము

తొమ్మిదో నెల. యెరూషలేము కొండ మీది ఊరు కాబట్టి ఆ రోజుల్లో చలి గట్టిగానే ఉంటుంది. యూదా రాజు యెహోయాకీము చలికాలపు నగరులో కుంపటి ముందు కూర్చుని ఉన్నాడు. యెహూది అనే కొలువు ఉద్యోగి చుట్టి ఉన్న ఒక గ్రంథాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ చదువుతున్నాడు. మూడు నాలుగు పట్టీలు చదవడం ఆలస్యం, రాజు లేఖికుడి చాకు తీసుకుని అంతవరకు కోసి కుంపట్లో పడేస్తున్నాడు. మళ్లీ మూడు నాలుగు పట్టీలు, మళ్లీ కోత. గ్రంథం మొత్తం బూడిదయ్యేదాకా ఇదే వరస.

బైబిల్లో యిర్మీయా ప్రవక్త గ్రంథం 36వ అధ్యాయంలోని ఈ దృశ్యంలో గమనించాల్సింది రాజు కోపం కాదు, ఓపిక. కోపమే అయితే చేతికందగానే మొత్తం మంటల్లోకి విసిరేసేవాడు. ఇతను ప్రతి మాటా విన్నాడు, విన్నాకే కాల్చాడు. దేవుడి మాట తన దాకా రాలేదని చెప్పుకునే వీలు ఇక అతనికి లేదు.

తెలుగులో "వాడు మాట వినడు" అంటే వాడికి చెవుడని ఎవరూ అనుకోరు. చెవిన వేసుకోవడానికీ, చెప్పినట్టు చేయడానికీ మనకు ఒకే క్రియ సరిపోతుంది. హీబ్రూలో "షామా" కూడా అచ్చం ఇలాంటిదే. అందుకే "మీరు వినలేదు" అని ప్రవక్తలు పదే పదే అనే మాట తెలుగు బైబిల్లో ఏ సర్దుబాటూ లేకుండా ఒదిగిపోతుంది. యిర్మీయా 23 ఏళ్ల పాటు "పెందలకడ లేచి" చెబుతూ వచ్చానంటాడు. పొద్దు పొడవకముందే పొలానికి పోయేవాడి మాటలా ఉంటుంది అది. ఆ తర్వాత కూడా మరో రెండు దశాబ్దాలు చెప్పాడు. అంతకాలమూ అతని మాట వినకుండా ఉండటానికి యెరూషలేము రకరకాల దారులు వెతుక్కుంది. కాల్చడం అందులో ఒకటి, బహుశా అన్నిటికంటే మోటుది.

అసలు ఆ గ్రంథం ఎలా పుట్టిందంటే, యిర్మీయాకు అప్పట్లో ఆలయంలో అడుగు పెట్టే వీల్లేదు. అందుకని నేరీయా కొడుకు బారూకును కూర్చోబెట్టి, అప్పటిదాకా తాను పలికినదంతా రాయించాడు. బారూకు ఉపవాస దినాన ఆలయంలో, షాఫాను కొడుకు గెమర్యా గదిలో దాన్ని జనానికి చదివి వినిపించాడు. సంగతి తెలిసి అధికారులు తమకూ చదివించుకున్నారు. విని, భయంతో ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రాజుకు చెప్పక తప్పదన్నారు, ముందు మీరిద్దరూ ఎక్కడైనా దాక్కోండి అని కూడా అన్నారు. రాజుగారి సంగతి వాళ్లకు బాగా తెలుసు మరి.

భయపడటానికి కారణం ఉంది. క్రీ.పూ. 605లో కర్కెమీషు దగ్గర బబులోను (బాబిలోన్) యువరాజు, ఆ ఏడే రాజైన నెబుకద్రెజరు, ఐగుప్తు (ఈజిప్టు) సైన్యాన్ని చిత్తు చేశాడు. మరుసటి ఏడాది, సరిగ్గా ఈ తొమ్మిదో నెలలోనే, సముద్రతీరంలోని అష్కెలోను పట్టణాన్ని శిథిలాల గుట్టగా మార్చాడని బబులోను వృత్తాంత ఫలకాల్లో ఉంది. యెరూషలేములో ఉపవాసం చాటించింది ఆ కబురు వల్లేనని చాలామంది చరిత్రకారుల ఊహ. ఊరంతా టెన్షన్‌తో ఉన్నప్పుడు, బబులోను రాజు రావడం ఖాయమని చెప్పే గ్రంథం అది. యెహోయాకీముకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. తండ్రి యోషీయాను క్రీ.పూ. 609లో మెగిద్దో దగ్గర చంపిన ఫరో నెకోయే ఇతన్ని గద్దె మీద కూర్చోబెట్టాడు. బబులోనుదే పైచేయి అని ఒప్పుకుంటే తన కుర్చీ కింద నేల కదిలినట్టే.

గ్రంథాన్ని కాల్చవద్దని ముగ్గురు బతిమాలారు: గెమర్యా, దెలాయా, ఎల్నాతాను. ఈ ఎల్నాతాను చిత్రమైన మనిషి. ఊరియా అనే మరో ప్రవక్త ప్రాణభయంతో ఐగుప్తుకు పారిపోతే, రాజాజ్ఞ మీద వెళ్లి అతన్ని పట్టి తెచ్చింది ఇతనే. ఊరియాను రాజు కత్తితో నరికించాడు. మనిషిని తెచ్చి అప్పజెప్పిన చేతులే పుస్తకాన్ని కాపాడబోయాయి. మంచివాళ్లు, చెడ్డవాళ్లు అని గీత గీసి చూపించే కథ కాదిది.

పాతికేళ్లు కూడా గడవకముందు ఇదే ఊళ్లో ఇంకో గ్రంథం ఇంకో రాజు ముందు చదివారు. అప్పుడు చదివింది గెమర్యా తండ్రి షాఫాను, విన్నది యోషీయా. ఆ మాటలు చెవిన పడగానే యోషీయా బట్టలు చింపుకున్నాడు. 36వ అధ్యాయం రాసిన చేయి దీన్ని మరిచిపోలేదు. రాజు గ్రంథాన్ని కోశాడు అనే చోట, ఎవరూ బట్టలు చింపుకోలేదు అనే చోట, హీబ్రూ మూలంలో వాడింది ఒకే క్రియ, "కారా". తండ్రి బట్ట చింపుకున్నాడు, కొడుకు గ్రంథాన్ని చింపాడు. ఫలితం మాత్రం రాజు కోరుకున్నట్టు లేదు. యిర్మీయా మళ్లీ చెప్పాడు, బారూకు మళ్లీ రాశాడు, ఈసారి ఇంకా చాలా మాటలు చేరాయి. మొదటి ప్రతి ఎంతుండేదో గానీ, మంట తర్వాత గ్రంథం పెరిగింది.

ఇంతకీ రాజు వినని ఆ ఆదేశం ఏమిటి? దైవాజ్ఞ అనగానే పూజలూ నైవేద్యాలూ గుర్తొస్తాయి. విగ్రహాల ఊసు యిర్మీయాలో లేదని కాదు, కావలసినంత ఉంది. కానీ 22వ అధ్యాయంలో యెహోయాకీము మీద మోపిన నేరం చాలా మామూలుది: కూలి ఇవ్వకుండా పని చేయించుకుని మేడ కట్టాడు. విశాలమైన గదులు, పెద్ద కిటికీలు, దేవదారు పలకలు, ఎర్ర రంగు పూత. దేవదారులో పోటీ పడితే రాజువైపోతావా, మీ నాన్న కూడా తిన్నాడు తాగాడు, అయినా పేదవాడికి న్యాయం చేశాడు కదా అని ప్రవక్త నిలదీస్తాడు. నన్ను తెలుసుకోవడమంటే అదే కదా అని దేవుడి మాటగా చేర్చాడు. పని చేసినవాడి కూలి ఎగ్గొట్టినవాడికి దేవుడు తెలియనట్టే అని దాని అర్థం.

యెహోయాకీము కొన్నాళ్లు బబులోనుకు కప్పం కట్టాడు. క్రీ.పూ. 601లో ఐగుప్తు సరిహద్దుల్లో నెబుకద్రెజరుకు గట్టి దెబ్బ తగలడంతో ఇదే అదననుకుని తిరగబడ్డాడు. బబులోను సైన్యం తీరిగ్గా వచ్చింది. అది వచ్చేసరికి యెహోయాకీము లేడు, పద్దెనిమిదేళ్ల కొడుకు యెహోయాకీను మూడు నెలలకే లొంగిపోయాడు. క్రీ.పూ. 597 మార్చిలో ఊరు పట్టుబడింది. రాజు, రాజమాత, పనివాళ్లు, సైనికులు చెరకు పోయారు. బబులోనులో దొరికిన మట్టి పలకల్లో "యూదా రాజు"కీ అతని కొడుకులకీ కొలిచి ఇచ్చిన నూనె లెక్కలు ఉన్నాయి.

ఇక్కడొక న్యాయమైన సందేహం వస్తుంది. దేవుడి మాట ఏదో మామూలు జనానికి ఎలా తెలియాలి? క్రీ.పూ. 594 ప్రాంతంలో యిర్మీయా మెడ మీద కాడి వేసుకుని యెరూషలేములో తిరిగాడు, బబులోను కాడి కింద తల పెట్టండి, బతుకుతారు అని. ఆలయంలో అందరి ముందూ హనన్యా అనే ప్రవక్త ఆ కాడిని లాగి విరగ్గొట్టాడు. రెండేళ్లలో బబులోను కాడి విరుగుతుంది, చెరకు పోయినవాళ్లు తిరిగొస్తారు అన్నాడు. అతనూ యెహోవా పేరు మీదే చెప్పాడు, అదే ఆలయంలో చెప్పాడు. యిర్మీయా తొలి స్పందన ఏమిటంటే, ఆమేన్, అలాగే జరగాలి అని. కాడి విరిచాక కూడా ఏమీ అనకుండా తన దారిన తాను వెళ్లిపోయాడు. కొయ్య కాడి విరిచావు, బదులుగా ఇనుప కాడి వస్తుంది అన్న జవాబు ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది.

హనన్యాను ఊరికే మోసగాడని తోసేయడం తేలిక. అతని ధీమా మాత్రం గాల్లోంచి పుట్టింది కాదు. క్రీ.పూ. 701లో అష్షూరు (అస్సీరియా) రాజు సన్హెరీబు యెరూషలేమును చుట్టుముట్టినప్పుడు, ఊరు పడదని యెషయా ప్రవక్త చెప్పాడు. నిజంగానే పడలేదు. ఆ తర్వాత వందేళ్లకు ఆ మాట ఒక భరోసాగా గడ్డకట్టింది: ఇది యెహోవా ఆలయం, దీనికేమీ కాదు. యిర్మీయా ఆలయ ద్వారంలో నిలబడి ఆ "యెహోవా ఆలయం" అనే మాటను జనం మంత్రంలా మూడుసార్లు అనడాన్ని ఎత్తిపొడిచాడు. షిలోహుకు వెళ్లి చూడండి, ఒకప్పుడు నా మందిరం అక్కడే ఉండేది, దానికి నేనేం చేశానో చూడండి అన్నాడు దేవుడి నోటిగా. కాబట్టి యెరూషలేము వినకపోవడం నాస్తికత్వం కాదు, భక్తే. వందేళ్ల కిందటి దైవవాక్కును గట్టిగా పట్టుకుని, ఇవాళ్టి వాక్కును తోసేయడం. యెషయాను నమ్మినందువల్లే యిర్మీయాను నమ్మలేకపోయారని చెప్పినా పెద్ద తప్పు కాదు.

అలాంటి సందేహాలకు ఏ మాత్రం తావులేని ఘటన ఒకటుంది, 34వ అధ్యాయంలో. ఈ మొత్తం కథలో అన్నిటికంటే పదునైనది అదే. యెహోయాకీను స్థానంలో బబులోను గద్దె ఎక్కించిన సిద్కియా రాజు ఆ బబులోను మీదే తిరగబడ్డాక నెబుకద్రెజరు సైన్యం మళ్లీ వచ్చి ఊరిని ముట్టడించింది. హీబ్రూ దాసుణ్ణి ఆరేళ్లు పనిచేయించుకుని ఏడో ఏట విడిచిపెట్టాలన్నది పాత ధర్మం. ఎవరూ పాటించడం లేదు. ముట్టడి బిగిసేసరికి రాజు, పెద్దలు ఆలయంలో ఒడంబడిక చేసుకున్నారు, దాసదాసీలందరినీ వదిలేస్తామని. దూడను రెండుగా కోసి, ఆ రెండు ముక్కల మధ్య నుంచి నడిచారు. మాట తప్పితే మా గతీ ఇంతే అని ఆ నడకకు అర్థం. అన్నట్టే వదిలేశారు కూడా. తిండి గింజలు తగ్గుతున్న ఊళ్లో పోషించాల్సిన నోళ్లు తగ్గించుకోవడానికో, గోడ మీద కాపలాకు మనుషులు దొరుకుతారనో చేశారని అనుమానించేవాళ్లున్నారు. కారణం ఏదైతేనేం, చేశారు.

ఇంతలో ఐగుప్తు నుంచి ఫరో సైన్యం బయల్దేరింది. దాన్ని ఎదుర్కోవడానికి బబులోనువాళ్లు ముట్టడి వదిలి పక్కకు జరిగారు. ఊరు ఊపిరి పీల్చుకుంది. గండం గడిచిందనుకున్న యజమానులు వెంటనే చేసిన పని, వదిలేసిన వాళ్లను మళ్లీ పట్టి తెచ్చుకోవడం. తిరనాళ్ల మొక్కు కాదు తీర్చడం ఆలస్యమైందని సర్దిచెప్పుకోవడానికి. నిన్న స్వేచ్ఛ ఇచ్చిన మనిషి మెడకు ఇవాళ మళ్లీ తాడు.

యిర్మీయా జవాబులో కోపం కంటే భాష మీద పట్టు ఎక్కువ కనిపిస్తుంది. విడుదలకు హీబ్రూ మాట "దెరోర్". మీ సోదరులకు మీరు దెరోర్ చాటించలేదు కాబట్టి నేను మీకు దెరోర్ చాటిస్తున్నాను: కత్తికీ, తెగులుకూ, కరువుకూ మిమ్మల్ని విడిచిపెడుతున్నాను. దూడ ముక్కల మధ్య నడిచారు కదా, మిమ్మల్ని ఆ దూడలాగే చేస్తాను. ఆకాశం నుంచి పిడుగేమీ పడలేదు. వాళ్ల మాట, వాళ్లు కోసిన దూడ, వాళ్లు ఇవ్వని విడుదల, వీటితోనే శిక్ష తయారైంది. హీబ్రూ ప్రవక్తల్లో శిక్ష చాలాసార్లు ఇలాగే ఉంటుంది, బయటి నుంచి తెచ్చి తగిలించినట్టు కాక, చేసిన పనినే తిప్పి చూపినట్టు.

ఇదే అధ్యాయంలో ఓ చిన్న వాక్యం ఉంది. యూదాలో ప్రాకారాలున్న పట్టణాల్లో ఇంకా మిగిలినవి లాకీషు, అజేకా మాత్రమే అని. 1935లో లాకీషు గవిని దగ్గరి కాపలా గదిలో, కాలిన పొరలో, సిరాతో రాసిన కుండ పెంకులు బయటపడ్డాయి. బయటి కాపలా చోటు నుంచి ఒక సైనికోద్యోగి తన పైఅధికారికి రాసిన ఉత్తరాలవి. ఒకదాంట్లో, లాకీషు మంటల గుర్తుల కోసం చూస్తున్నాం, అజేకా కనబడటం లేదు అని ఉంది. అజేకా అప్పటికే పడిపోయిందని దీన్ని చదివినవాళ్లలో చాలామంది అర్థం చేసుకున్నారు. పొలిమేరలో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్న రోజులవి.

ముట్టడి మళ్లీ బిగిసింది. సిద్కియా తన అన్న యెహోయాకీములాంటివాడు కాదు. యిర్మీయా మాట వినాలనే ఉంది అతనికి. చెరసాలలో ఉన్నవాణ్ణి రహస్యంగా పిలిపించుకుని, యెహోవా దగ్గర నుంచి ఏమైనా మాట వచ్చిందా అని అడిగాడు. వచ్చింది అన్నాడు యిర్మీయా, నువ్వు బబులోను రాజు చేతికి చిక్కుతావని. అంత చేదు జవాబు చెప్పినా, రొట్టెలవాళ్ల వీధి నుంచి రోజుకో రొట్టె ఇప్పించాడు రాజు. అదే రాజు, పెద్దలు వచ్చి వీడు సైనికుల చేతులు బలహీనం చేస్తున్నాడు చంపాలి అంటే, మీ ఇష్టం, మీకు అడ్డు చెప్పే శక్తి రాజుకు లేదు అన్నాడు. వాళ్లు యిర్మీయాను బురద నిండిన గోతిలోకి తాళ్లతో దించారు. పైకి లాగింది ఎబెద్మెలెకు అనే కూషీయుడు, పరదేశి. తాళ్లు ఒరుసుకోకుండా చంకల కింద పెట్టుకోమని పాత గుడ్డలు కూడా వేశాడు. రాజ్యం కూలిపోతున్న కథలో చింకిగుడ్డల గురించి ఆలోచించిన మనిషి ఒకడున్నాడు.

ఆఖరి భేటీలో యిర్మీయా చెప్పింది చాలా స్పష్టం: బయటికెళ్లి లొంగిపో, నువ్వూ బతుకుతావు, ఊరూ కాలదు. సిద్కియా ఆ మాట అబద్ధమనలేదు. ఇప్పటికే బబులోను వైపు వెళ్లిపోయిన యూదులు నన్ను ఎగతాళి చేస్తారేమో అని భయంగా ఉంది అన్నాడు. ఒక రాజధాని భవితవ్యం నలుగురూ ఏమనుకుంటారో అన్న దగ్గర ఆగిపోయింది. ఈ మాటలు బయటికి పొక్కనీయకు, అడిగితే ఇంకేదో చెప్పు అని కూడా బతిమాలాడు. యిర్మీయా అలాగే చెప్పాడు.

ఏడాదిన్నర ముట్టడి తర్వాత, క్రీ.పూ. 586లో (కొందరి లెక్కలో 587), నాలుగో నెల తొమ్మిదో రోజున గోడ బద్దలైంది. సిద్కియా రాత్రి రాజు తోట దారిన పారిపోయి యెరికో మైదానంలో పట్టుబడ్డాడు. రిబ్లాలో అతని కళ్ల ముందే కొడుకులను చంపారు. అతను చూసిన చివరి దృశ్యం అదే, తర్వాత ఆ కళ్లు పీకించి, ఇత్తడి సంకెళ్లతో బబులోనుకు తీసుకెళ్లారు. నెల తిరిగేసరికి ఆలయం తగలబడింది.

ఆ మంటలో కాలిన కాగితాలకు, అంటే పపైరస్ పత్రాలకు, కట్టిన మట్టి ముద్రలు మాత్రం ఇటుకల్లా కాలి గట్టిపడ్డాయి. 1982లో దావీదు పురం తవ్వకాల్లో అలాంటివి యాభై దాకా ఒకే ఇంట్లో దొరికాయి. ఒకదాని మీద "షాఫాను కొడుకు గెమర్యాహు" అని ఉంది, గ్రంథాన్ని కాల్చొద్దని రాజును బతిమాలిన గెమర్యా ఇతనేనని చాలామంది గుర్తిస్తారు. 2005లో, 2008లో దగ్గర్లోనే ఇంకో రెండు ముద్రలు దొరికాయి: షెలెమ్యా కొడుకు యూకలు, పషూరు కొడుకు గెదల్యా. యిర్మీయాను చంపాలని రాజు దగ్గరికి వెళ్లిన పెద్దల జాబితాలో ఈ రెండు పేర్లూ ఉన్నాయి.

39వ అధ్యాయంలో ఒక వాక్యం దగ్గర చాలామంది ఆగరు. ఊరు పడ్డాక బబులోను సేనాధిపతి నెబూజరదాను, ఏమీ లేని పేదలను దేశంలోనే ఉంచి, వాళ్లకు ద్రాక్షతోటలూ పొలాలూ ఇచ్చాడు. యెరూషలేము పెద్దలు ప్రమాణం చేసి కూడా ఇవ్వనిది, శత్రు సేనాధిపతి చేత్తో అందింది. అలాగని లెక్క సరిపోయిందనలేం. ముట్టడిలో ఆకలికి చచ్చిన పసిపిల్లలు ఏ ఒడంబడికా తప్పలేదు. తండ్రులు పుల్లని ద్రాక్ష తింటే పిల్లల పళ్లు పులిశాయి అన్న సామెత అప్పటికే జనం నోళ్లలో ఉంది. యిర్మీయా, యెహెజ్కేలు ప్రవక్తలిద్దరూ దాన్ని ఎత్తుకుని ఇక చెల్లదన్నారు. చెల్లదన్నారంటేనే, అప్పటిదాకా జరిగింది అలాగే కనిపించిందని తెలుస్తోంది.

ఇంత జరిగాక మిగిలినవాళ్లయినా విన్నారా? బబులోను నియమించిన గెదల్యా అనే అధికారిని (ముద్ర మీది గెదల్యా కాదు, షాఫాను మనవడు) రాజవంశీకుడొకడు హత్య చేశాడు. ప్రతీకారానికి భయపడి జనం ఐగుప్తు దారి పట్టారు. బేత్లెహేము దగ్గర ఆగి యిర్మీయాను అడిగారు: దేవుణ్ణి అడుగు, మేలైనా కీడైనా చెప్పినట్టే వింటాం. పది రోజుల తర్వాత జవాబు వచ్చింది, ఇక్కడే ఉండండి అని. నువ్వు అబద్ధమాడుతున్నావు, బారూకు నిన్ను ఎగదోస్తున్నాడు అన్నారు. ప్రయాణం కట్టాక పంచాంగం తెరిచినట్టుంది వాళ్ల ప్రార్థన. యిర్మీయానూ బారూకునూ కూడా వెంట లాక్కుపోయారు. ఎప్పుడూ వద్దని చెప్పిన చోటికే ప్రవక్త ముసలితనంలో వెళ్లాల్సి వచ్చింది.

ఐగుప్తులో జరిగిన వాదన బైబిల్లోకెల్లా నిక్కచ్చి అయినవాటిలో ఒకటి. ఆకాశరాణి అనే దేవతకు ధూపం వేయడం మానండి అంటే, ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి సూటిగా చెప్పారు: వినం. మేము ఆమెకు ధూపం వేసి, రొట్టెలు చేసి పెట్టినన్నాళ్లూ కడుపు నిండా తిన్నాం, మాకు ఏ కీడూ రాలేదు. మానేసినప్పటి నుంచే ఈ కత్తీ కరువూ. పైగా మా మగవాళ్లకు తెలియకుండా చేశామా అని ఆడవాళ్లు అడిగారు. ఈ వాదనను తేలిగ్గా కొట్టేయలేం. దేశమంతా ఇతర దేవతల పూజలు మాన్పించిన యోషీయా ముప్పై తొమ్మిదేళ్లకే యుద్ధంలో చచ్చిపోయాడు, ఆ తర్వాత అన్నీ కష్టాలే. కళ్ల ముందున్న సంఘటనలు వాళ్ల లెక్కకూ సరిపోతాయి, యిర్మీయా లెక్కకూ సరిపోతాయి. మీరు ధూపం వేసినందుకే ఇదంతా అంటాడు అతను. ఎవరి మాట నిలుస్తుందో ఐగుప్తుకు వచ్చినవాళ్లే తెలుసుకుంటారు అని, ఫరో హొఫ్రా శత్రువుల చేతికి చిక్కడమే గుర్తు అని చెప్పాడు. హొఫ్రాను అతని సేనాని అమాసిస్ క్రీ.పూ. 570 ప్రాంతంలో గద్దె దించాడు. ఆ వార్త విని ఆ ఆడవాళ్లు ఏమనుకున్నారో గ్రంథం చెప్పదు.

వందేళ్ల లోపు ఐగుప్తులో ఎవరో అరామిక్ భాషలో కొన్ని ఉత్తరాలు రాసి, చుట్టి, ముద్ర వేసి, దక్షిణాన ఉన్న సెవేనే (ఇప్పటి అస్వాన్) లాంటి ఊళ్లకు పంపబోయారు. అవి చేరలేదు. 1945లో తూనా ఎల్-గెబెల్ దగ్గర నేలమాళిగలో, పవిత్ర పక్షుల మమ్మీల నడుమ ఒక కుండలో బయటపడ్డాయి. ఇంటివాళ్ల కబుర్లూ, పంపాల్సిన సరుకుల సంగతులూ ఉన్న మామూలు ఉత్తరాలే అవి. ఒకటి మొదలయ్యేది మాత్రం సెవేనేలోని ఆకాశరాణి గుడికి నమస్కారంతో.